హోర్డింగెక్కిన ఉద్యోగం

నిరుద్యోగాన్ని నిర్మూలిస్తామని ఎవరైనా మైకులో అంటే నాకు వణుకు పుడుతుంది. నిర్మూలిస్తే హైదరాబాదు గతేం కావాలి?

ఒక్కసారి ఆలోచించండి! రాజధానిలో ఏ వీధి చూసినా ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. దాని కింద జిరాక్స్ షాపు. పక్కనే బయోడేటాలు టైపు చేసే నెట్ సెంటర్. ఎదురుగా హాస్టల్, హాస్టల్ కింద కర్రీ పాయింట్, దాని పక్కన పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియో. వీళ్ళందరినీ పోషిస్తున్నదెవరు? ఉద్యోగస్తుడా? ఉద్యోగస్తుడు బయోడేటాని కట్టలు కట్టలు జిరాక్స్ తీయిస్తాడా? ఇంటర్వ్యూ కోసం టై కొంటాడా? ఆఫీసు వెతుక్కుంటూ ఊళ్ళో సిటీ బస్సులన్నీ ఎక్కి దిగుతాడా? ఆ పుణ్యమంతా నిరుద్యోగిదే! ఒక్కడు ఖాళీగా ఉంటే పదిమందికి పని దొరుకుతోంది. అలాంటివాణ్ణి నిర్మూలిస్తారట!

ఇంతకీ ఆ నిరుద్యోగుల్ని సప్లై చేస్తున్నదెవరు? ఇంకెవరండీ, మేమే. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళం. పత్తి, మిర్చి, పొగాకు తర్వాత మా ప్రధాన ఎగుమతి ఎమ్‌సీఏ. మిర్చికి రేటు లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తాం. పిల్లలకి రేటు లేకపోతే అమీర్‌పేట హాస్టల్లో పెట్టి ఎదురుచూస్తాం. తేడా ఒక్కటే. ఆదివారం ఆదివారం ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది" అని చెప్పే బాధ మిర్చికి లేదు.

ఇదంతా గాల్లోంచి చెబుతున్నానని అనుకునేరు. కళ్ళారా చూసిన సంగతి చెబుతాను.

చీరాలలో మా పక్కిల్లు సిలార్‌ది. పవర్‌లూమ్‌లు రిపేరు చేస్తాడు. ఊళ్ళో ఏ మరమగ్గం ఆగినా ముందు సిలార్‌కే కబురొస్తుంది. అతనికీ జాన్‌బీకీ ఒక్కతే కూతురు, సిద్దికా. నన్ను బాబాయ్ అంటుంది. గుంటూరులో ఎమ్‌సీఏ ఫస్టు క్లాసులో పాసై, రెండువేల రెండులో రాజధాని రైలెక్కింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉన్నవాళ్ళనే ఇంటికి పంపుతున్న రోజులవి. అంటే నా లెక్కలో చాలా శుభసమయం.

అమీర్‌పేటలో తను దిగిన హాస్టల్ నడిపే ఎలీసమ్మది కనిగిరి. నర్సు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, అది దొరక్క, తనలాంటివాళ్ళకి వండిపెట్టడం మొదలుపెట్టి నిలదొక్కుకున్న మనిషి.

"ఎన్నాళ్ళుంటావమ్మా?" అని అడిగింది సిద్దికాని.

"ఉద్యోగం రాగానే వెళ్ళిపోతానండి."

"అయితే కిటికీ పక్క మంచం తీసుకో. చాలాకాలం ఉంటావు, గాలాడాలి."

చూశారా, ఎంత ముందుచూపో!

సిద్దికా ఇంటర్వ్యూలకి తిరిగింది. ప్రతిచోటా ఒకటే మాట.

"ఎక్స్‌పీరియన్స్ ఉందా?"

"ఇదే మొదటి ఉద్యోగమండి."

"ఎక్స్‌పీరియన్స్ లేకపోతే ఉద్యోగం ఇవ్వలేమమ్మా."

"ఉద్యోగం లేకుండా ఎక్స్‌పీరియన్స్ ఎలా వస్తుందండి?"

"మంచి ప్రశ్న. బయట కూర్చోండి, పిలుస్తాం."

ఆ బయట ఎంతసేపు కూర్చుందో చెబితే మీరు బాధపడతారు, నేను చెప్పను. కూర్చోవడంలో ఆ అమ్మాయికి బ్రహ్మాండమైన ఎక్స్‌పీరియన్స్ వచ్చిందని మాత్రం చెప్పగలను.

చివరికి హైదరాబాదు వచ్చాక తను కంప్యూటర్ కోర్సు చేసిన ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరే పిలిచాడు. ఆయన ప్రకటనల్లో 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని వేసుకున్నాడు. పాపం, మాట నిలబెట్టుకోవాలి కదా!

"సిద్దికా, నీకు ఉద్యోగం వచ్చింది."

"ఎక్కడ సార్?"

"మన దగ్గరే. గుంటూరులో బ్రాంచి పెడుతున్నాం. ఇంటర్వ్యూలో ఎలా నెగ్గాలో నువ్వు క్లాసులు చెప్పాలి."

"నేనెప్పుడూ ఏ ఇంటర్వ్యూలోనూ నెగ్గలేదు సార్!"

"అందుకే కదమ్మా! నీ అంత అనుభవం ఎవరికుంది?"

ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? ఆదివారం ఫోన్లో చెప్పే మాటకి కొంచెం నిజం కలుస్తుందనుకుంది. పైగా గుంటూరంటే ఇంటికి దగ్గర.

బ్రాంచి తెరిచేసరికి గుంటూరు సెంటర్లో పెద్ద హోర్డింగ్ లేచింది. దాని నిండా సిద్దికా బొమ్మ. కింద ఎర్రక్షరాలు: 'చీరాల అమ్మాయి ఉద్యోగం సాధించింది! మరి మీరు?'

సిలార్, జాన్‌బీ రైలెక్కి వచ్చి చూశారు. వాళ్ళతో నేనూ వెళ్ళాను. ఎండలో రోడ్డు మధ్య నిలబడి, ఆగిన ఆటోవాళ్ళకీ, చెరకు రసం బండివాడికీ సిలార్ ఒకటే చెప్పడం: "మా అమ్మాయండి. పైన ఉంది చూశారా, మా అమ్మాయే." జాన్‌బీ కొంగుతో కళ్ళొత్తుకుని, "జడ సరిగ్గా వేసుకోలేదు, చూడండన్నా" అంది నాతో. ఆ రోజు ఆ ఇద్దరి మొహాలు చూస్తే ఇన్‌స్టిట్యూట్లకి ప్రభుత్వం అవార్డులివ్వాలనిపించింది!

మొదటి క్లాసు నిండిపోయింది. మిర్చి కోతలు ఒదిలేసి వచ్చినవాళ్ళు, పత్తి చేలోంచి నేరుగా వచ్చినవాళ్ళు, డిగ్రీలు పట్టుకుని ఏళ్ళుగా అరుగుల మీద కూర్చున్నవాళ్ళు. ముందు బెంచీలో పెదకాకాని కుర్రాడు వీరాంజనేయులు లేచాడు.

"మేడమ్, ఇంతకుముందు మీరు ఏ కంపెనీలో చేశారండీ?"

అబద్ధం చెప్పడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. డైరెక్టరు ఓ కంపెనీ పేరు కూడా నేర్పించి పంపాడు. సిద్దికా నోట్లోంచి మాత్రం ఆ పేరు రాలేదు.

"ఎక్కడా చెయ్యలేదు. ఎవరూ తీసుకోలేదు. నాకు ఇదే మొదటి ఉద్యోగం."

అయిపోయింది, జనం తిట్టుకుంటూ లేచిపోతారనుకుంది.

వీరాంజనేయులు మొహం వెలిగిపోయింది. "అంటే మేడమ్, ఇక్కడ చేరితే ఇక్కడే ఉద్యోగం వస్తుందన్నమాట! గుంటూరులోనే! ఊరొదిలి పోనక్కర్లేదు! మాకూ ఇదే ఇప్పించండి!"

చప్పట్లు! ఆ సాయంత్రానికి చేరేవాళ్ళ లైను మెట్ల మీదుగా రోడ్డు మీదికొచ్చింది. హైదరాబాదు నుంచి డైరెక్టరు ఫోన్ చేసి పొగిడాడు. "ఏం చెప్పావమ్మా వాళ్ళకి? మా మార్కెటింగ్ వాళ్ళెవరికీ చాతకాలేదు!"

నిజం చెప్పినా వ్యాపారం పెరిగే పరిశ్రమ ఇంకోటుంటే చూపించండి, ఇవాళే కాలమ్ రాయడం మానేస్తాను.

సిద్దికాకి మాత్రం ఆ రాత్రి నుంచి అన్నం సయించలేదు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు నాతో అంది: "నిజం చెప్పి కూడా మోసం చేస్తున్నాను బాబాయ్. ఆ వీరాంజనేయులు వాళ్ళ నాన్న ఎద్దుల్ని అమ్మి చేర్పించాడట. క్లాసులో వాడు నన్ను చూసి నవ్వుతుంటే తల ఎత్తలేకపోతున్నా."

నేను నా సిద్ధాంతమంతా వినిపించాను. జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు, దేశ ప్రగతి. ఆ పిల్ల చివరిదాకా విని, "టీ తాగుతావా బాబాయ్?" అంది.

వెంటనే ఉద్యోగం మానేసింది. ఆ మాట తండ్రికి చెప్పడానికి మాత్రం రెండు పూటలు వంటింట్లోనే తిరిగింది. జాన్‌బీయే తోసింది, "పోయి చెప్పవే, మీ నాన్నేం పులా?" అని.

సిలార్ మరమగ్గం విడిభాగాలేవో తుడుస్తూ విన్నాడు.

"మరి ఆ బోర్డు?"

"అది ఉంటుంది నాన్నా. నేను మానేసినా ఉంటుంది. దాన్ని చూసే కదా జనం వచ్చేది."

మర్నాడు పొద్దున్నే సిలార్ గ్రీజు డబ్బా పట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. నాకు అనుమానమొచ్చి వెనకే వెళ్ళాను. సెంటర్లో ఎక్కడో ఓ నిచ్చెన సంపాదించాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా హోర్డింగెక్కి, కూతురి మొహానికి గ్రీజు పూయడం మొదలుపెట్టాడు. ట్రాఫిక్ ఆగిపోయింది. హారన్లు, కేకలు. కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, ఎవడ్రా నువ్వు? దిగు!"

"ఆ పిల్ల తండ్రినండి. తను ఉద్యోగం మానేసింది. ఇంకా చేస్తోందనుకుని జనం మోసపోతున్నారు. వాళ్ళకి తెలియాలి కదండి."

కానిస్టేబుల్ పైకి చూశాడు. హోర్డింగ్ చూశాడు. సిలార్ని చూశాడు. తర్వాత లాఠీ చంకలో పెట్టుకుని, ఊగుతున్న నిచ్చెనని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మా పెద్దాణ్ణి కూడా ఇందులోనే చేర్పించానయ్యా" అన్నాడు గొంతు తగ్గించి. "కానివ్వు. ఎడమ కన్ను ఇంకా కనబడుతోంది."

ఓ కుటుంబ పెద్ద బాధ్యతారాహిత్యం వల్ల రాజధాని పరిశ్రమకి ఎంత నష్టమో చూడండి! అదృష్టవశాత్తూ ఆ వారంలోనే అక్కడ ఇంకో అమ్మాయి ఫోటో వెలిసింది. జడ కూడా బాగా వేసుకుంది.

ఇక సిద్దికా మా జిల్లాల్లోనే పని వెతుక్కుంది. గుంటూరు పక్కన ఓ పత్తి మిల్లులో లెక్కలన్నీ కంప్యూటర్లో పెట్టడానికి మనిషి కావాలని తెలిసింది. సంబరంగా వెళ్ళింది. మేనేజరు మంచివాడు. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి ఇచ్చాడు.

"నీలాంటి అమ్మాయే కావాలమ్మా. అయితే మా హెడ్డాఫీసు హైదరాబాదు. ఇంటర్వ్యూ అక్కడే."

మళ్ళీ రైలు. మళ్ళీ ఎలీసమ్మ, మళ్ళీ కిటికీ పక్క మంచం. ఈసారి ఉద్యోగం వచ్చేసింది! నిజం ఉద్యోగం! మరి పోస్టింగ్? హెడ్డాఫీసులో.

ఇప్పుడు సిద్దికా ఏం చేస్తోందంటారా? రోజూ పొద్దున్నే రాజధానిలో ఏసీ గదిలో కూర్చుని, గుంటూరు మిల్లుకి ఫోన్ చేసి, "ఇవాళ పత్తి ఎంతొచ్చింది?" అని అడుగుతుంది. ఇక్కడ ఫోనెత్తి చెప్పేది గేటు దగ్గర వాచ్‌మన్. లెక్క రాసుకోవడానికి మిల్లులో ఇంకెవరూ లేరు మరి.

మొన్న సిలార్ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు పేపర్లో రాస్తావుగా, నీకు తెలుస్తుంది. పత్తి ఇక్కడే పండుతుంది. మిల్లూ ఇక్కడే ఉంది. ఫోనూ ఇక్కడికే వస్తుంది. మా అమ్మాయి మాత్రం అక్కడెందుకుండాలి?"

దేనికైనా వెంటనే జవాబు చెప్పే నేను, మిల్లు మేనేజర్ని అడిగి చెబుతానన్నాను. అడిగాను కూడా. ఆయనకీ తెలియదట. ఆ సంగతి హెడ్డాఫీసువాళ్ళకే తెలుస్తుందట, మనమే హైదరాబాదు వెళ్ళి కనుక్కోవాలట!