కుడికి జరిగిన పలకల పేజీ

“మార్కాపురంలో నేరం చేయాలనుకునేవాడు ముందు నా పేరు తలుచుకొని వణకాల!”

ఇంత మాట అని, నల్లకళ్ళద్దాలతోనే రమణి నెట్ సెంటర్‌లోకి అడుగుపెట్టిన నిత్యానందం, ఎదురుగా ఉన్న స్టూలు కనపడక దాని మీద పడబోయాడు.

ఆయన డిటెక్టివ్ అని ఆయనే బోర్డు రాయించుకున్నాడు. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే, తప్పిపోయిన గేదె. అది సాయంత్రానికి దానంతటదే ఇల్లు చేరింది. ‘లొంగిపోయింది’ అని ఆయన చెప్పుకుంటాడు.

రమణికి ఇవాళ నవ్వే ఓపిక లేదు. జ్ఞానమ్మ పలకల షెడ్డు కోసం ఆమె తయారుచేసిన వెబ్ పేజీని నాలుగు గంటలకు బెంగళూరు బడివాళ్ళు చూస్తామన్నారు. నచ్చితే ఏడాది పొడవునా పలకలు తీసుకుంటారు. రెండు నెలలుగా పని లేని పన్నెండు మంది ఆడవాళ్ళు దాని మీదే ఆశ పెట్టుకున్నారు. తీరా చూస్తే, నిన్న మధ్యాహ్నం నుంచి పేజీలో అక్షరాలన్నీ కుడి అంచుకు పోయి, గోడకు ఆనుకున్న తాగుబోతుల్లా నిలబడ్డాయి. ఇప్పటికే మూడు దాటింది. పక్కన జ్ఞానమ్మ కొంగు నలుపుకుంటూ కూర్చుంది.

“అక్షరాలు ఎటు పోయినాయి?” నిత్యానందం గొంతు తగ్గించి అడిగాడు.

“కనపడటంలేదా బాబాయ్? కుడికి.”

“పటంలో కుడి అంటే తూర్పు. మనకు తూర్పున ఏముంది?”

“పొదిలి.”

“ఇంకేంది! దొంగ పొదిలోడే!”

“మా ఆడబిడ్డ పొదిల్లోనే ఉండాది నాయనా,” జ్ఞానమ్మ బెదిరిపోయింది. “దానికి ఫోన్ ఎత్తడం గూడా రాదు.”

“అట్లాంటోళ్ళనే అనుమానించాల.” పేరు రాసుకున్నాడు. తర్వాత ఆమె కొంగు మీద చూపు నిలిపాడు. “ఆ బూడిదరంగు పొడేంది?”

“పలకల పొడి. ముప్పై ఏండ్లుగా అంటుకోనే ఉంది.”

అదీ రాసుకున్నాడు.

రమణికి ఒళ్ళు మండింది. “బాబాయ్, రాత ఎడమకుండాలా, కుడికుండాలా, నడిమధ్యనా అని చెప్పే మాట ఒకటుంటాది. టెక్స్ట్ అలైన్ అంటారు. పేజీ అంతా గాలించినా. యాడా తప్పు లేదు. నన్ను కాసేపు చూసుకోనీ.”

పేజీ రూపురేఖలు చెప్పే స్టైల్ ఫైలు వేరే ఉంది. నెల రోజులుగా తాను అందులో ఏమీ మార్చలేదు కాబట్టి దాని జోలికి పోలేదు.

నిత్యానందం మనసు గాయపడింది. “నీ తప్పులు నీకు కనపడవులే పాపా. నిన్న నువ్వు అన్నానికి పోయినప్పుడు నేనే ఒకటి దిద్దినా.”

రమణి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. “ఏం దిద్దినావు?”

“ఇంకో ఫైలేదో తెరిచి పెట్టినావు గదా. అందులో ‘లెఫ్ట్’ అని ఉండె. వాట్సాప్ గ్రూపులోంచి ఎవుడన్నా పోతే ఆ మాటే గదా చూపిచ్చేది? శుభమా అని యాపారం పెట్టుకుంటా, పోయినాడు, పోయినాడు అని రాసుకుంటారా? తీసేసి ‘రైట్’ అని పెట్టి, సేవ్ గూడా కొట్టినా. రైట్ అంటే కరెక్టు!”

రమణి పళ్ళు కొరుకుతూ స్టైల్ ఫైలు తెరిచింది. పేజీ మొత్తానికి వర్తించే చోటే, టెక్స్ట్ అలైన్ పక్కన, ‘రైట్’ అని ఉంది. దాన్ని ‘లెఫ్ట్’ అని మార్చి, సేవ్ కొట్టింది. అక్షరాలన్నీ బుద్ధిగా ఎడమకు వచ్చి నిలబడ్డాయి.

నాలుగున్నరకు బడి నుంచి ఫోన్ వచ్చింది. పేజీ చూశారు, సోమవారం నుంచే పలకలు కావాలట. జ్ఞానమ్మ ఆ పలకపొడి కొంగుతోనే కళ్ళు ఒత్తుకుంది.

“నీ పుణ్యం నాయనా,” అంది నిత్యానందంతో, ఆ లెఫ్టు రైటు గొడవ ఒక్క ముక్కా అర్థంకాక. “ఇంతకీ దొంగెవుడు?”

నిత్యానందం నల్లకళ్ళద్దాలు సర్దుకున్నాడు. “వృత్తి రహస్యం అక్కా. నిందితుడి కుటుంబ పరువు గూడా చూడాల గదా.”

రమణి అప్పటికే ఒక చెయ్యి అడ్డం పెట్టుకొని, కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చుకుంటోంది.