గోదావరి గోలియత్ బనియను

గోదావరి గోలియత్ గారు గ్యాస్ బండ ఎత్తలేరు. ఈ సంగతి పాల్వంచ మొత్తంలో ఆయన భార్య గ్రేస్‌కు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పినా నమ్మరు.

ఎట్లా నమ్ముతారు చెప్పండి! ఆరడుగుల మనిషి, తలగడల్లాంటి జబ్బలు, చెవుల దాకా పాకిన మీసం. థర్మల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసుకునే క్రిస్టోఫర్, ఏటా ఫిబ్రవరిలో కాలనీ వార్షికోత్సవం నాడు మాత్రం గోలియత్ అయిపోతాడు. భుజాన నల్ల తువాలు వేసుకుని, మైకులో పాటకు తగ్గట్టు అడుగులేస్తూ కుస్తీ బరిలోకి దిగుతాడు. చూడటానికి దమ్మపేట నుంచి కూడా ట్రాక్టర్లెక్కి వస్తారు జనం. పదకొండేళ్లుగా ఓటమి ఎరుగడు.

కుస్తీ ఎరుగునా అంటే, అదీ ఎరుగడు.

ఆయనకు వచ్చినవి మూడే విద్యలు. దర్జాగా నడిచి రావడం, బనియను చించుకోవడం, కుడిచెయ్యి పైకెత్తడం. అక్కణ్నుంచి మిగతా కుస్తీ అంతా తిరుపతి చూసుకుంటాడు. తిరుపతి అదే ప్లాంటులో ఎలక్ట్రీషియన్, బక్కపలచటి మనిషి. గోలియత్ చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే తను ఎగిరి, రెండు పల్టీలు కొట్టి, తాళ్లకు తగిలి, వెల్లకిలా పడి కాళ్లు తపతపా కొట్టుకుంటాడు. ఒక ఏడాది దుమ్ముకు క్రిస్టోఫర్ తుమ్మాడు. అదే సైగ అనుకుని తిరుపతి పడిపోయాడు. అప్పట్నుంచి కాలనీ పిల్లలు "తుమ్ము దెబ్బ కొట్టన్నా!" అని ప్రాణం తీస్తున్నారు.

ఇక బనియను. కొత్త బనియను ఎంత మొనగాడు లాగినా సాగుతుందే గానీ చిరగదు. అందుకని గ్రేస్ దాన్ని ముందుగానే మెడ నుంచి బొడ్డు దాకా కత్తెరతో కోసి, చేత్తో నాలుగు వదులు కుట్లు వేసి ఇస్తుంది. పదకొండేళ్ల కీర్తి ఆ నాలుగు కుట్ల మీద నడుస్తోంది.

ఈ ఏడు వార్షికోత్సవం ఇంకో వారం ఉందనగా, కింద గ్యాస్ బండ దిగింది.

"ఓ స్తుతి డాడీ, బండ జర పైకి తెస్తవా?" అని కూతురి పేరు పెట్టి కేకేసింది గ్రేస్.

"నడుము పట్టింది గ్రేసూ. వచ్చే ఆదివారం కుస్తీ గూడ ఉన్నది."

"అయితే తిరుపతికే చెప్త. నీ పడుడు ఆయనదే, నీ మోసుడు ఆయనదే."

తిరుపతి వచ్చి బండను భుజాన పెట్టుకుని మేడెక్కి, వంటింట్లో దించాడు. మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టకుండా అక్కడే నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క మాట. ఈసారి నేను గెలుస్తనే."

క్రిస్టోఫర్ మీసం ఒక పక్కకు జారింది. "ఏంది?"

"మా సాయిప్రియ వస్తున్నదన్నా. ఖమ్మం దవాఖానల నర్సు కొలువు దొరికినంక మొదటిసారి వస్తున్నది. చిన్నప్పుడు నేను పడుడు చూసి ఏడ్సేది, యాదున్నది గద? మొదటి రెండేండ్లు వచ్చింది, మళ్ల గ్రౌండు మొకం చూడలే. మొన్న ఫోన్ల అడిగింది, నాయినా ఈసారన్న గెలుస్తవా అని. నోట్లకెళ్లి వచ్చేసింది, గెలుస్త బిడ్డా అని." తిరుపతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గ్రేస్ కూడా అక్కడే ఉందాయె. క్రిస్టోఫర్ తిరుపతి భుజం తట్టాడు. "గంత మాత్రానికి ఏడుస్తవేంది తమ్మీ! నేను బనియన్ చింపంగనే నువ్వు ఒక్కటి గుద్దు. నేను పడిపోత. మాటంటే మాటే."

"నీ కడుపు సల్లగుండ అన్నా," అని దండం పెట్టి వెళ్లాడు తిరుపతి.

మాటైతే ఇచ్చాడు గానీ, ఆ సాయంత్రం నుంచి క్రిస్టోఫర్‌కు అన్నం సహించలేదు. షిఫ్టు బస్సు ఎక్కితే "గోలియతన్నా, ఇటు కూసో" అని కిటికీ సీటు ఇస్తారు. చర్చిలో చిన్నపిల్లలు జబ్బలు పట్టుకుని వేలాడతారు. ఒక్కసారి పడితే ఇవన్నీ ఏమైపోవాలి? ఆలోచించగా ఆలోచించగా ఓ ఉపాయం తట్టింది. మాట మాటే, అలవాటు అలవాటే. బనియను చించగానే తిరుపతి గుద్దేలోపు తను చెయ్యి ఎత్తేస్తాడు. పదకొండేళ్లు పడ్డ తిరుపతి ఒళ్లు, దానంతటదే పడిపోతుంది. తన తప్పేముంది?

ఉపాయం అంతటితో ఆగితే బాగుండేది. ఫ్లెక్సీ దాకా పోయింది. "పన్నెండోసారీ తిరుగులేని గోదావరి గోలియత్‌కు అభినందనలు. ఇట్లు, అభిమానులు" అని పదడుగుల ఫ్లెక్సీకి ఆర్డరిచ్చాడు. అభిమానులు అంటే ఆయనే.

శనివారం ఆయన డ్యూటీలో ఉండగా ఫ్లెక్సీ షాపతను దాన్ని నేరుగా ఇంటికి తెచ్చి ఇచ్చిపోయాడు. గ్రేస్ విప్పింది. పదడుగుల మొగుడు మీసం తిప్పుతూ ఆమె వంకే చూశాడు. ఆమె కూడా కాసేపు చూసి, చుట్ట చుట్టి మంచం పక్కన నిలబెట్టింది.

సాయంత్రం ఆయన వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగింది.

"తిరుపతికి ఇచ్చిన మాట మీదనే ఉన్నవా?"

"ఉండక? క్రిస్టోఫర్ మాటకు తిరుగుంటదా?"

"తిరుగుండదు. తిరుగులేని గోలియత్‌వైతివి గద. అవ్ గని, బైబిల్ల గోలియత్ ఎన్నిసార్లు గెలిచిండు?"

"చానసార్లు గెలిచే ఉంటడు."

"మనకు యాదున్నది మాత్రం ఓడిపోయిందే గద?"

క్రిస్టోఫర్ చాయ్ అడిగాడు. చాయ్ ఇచ్చి ఆమె కుట్టు మిషను ముందు కూర్చుంది. మిషను చాలాసేపు ఆడింది. ఎప్పుడూ చేత్తో కుట్టేది, ఈసారి మిషను మీద కుడుతోందంటే ఎంత శ్రద్ధో అనుకుని ఆయన మురిసిపోయాడు. పిచ్చి మారాజు!

ఆదివారం నాలుగింటికి గ్రౌండు కిటకిటలాడింది. నాలుగు ఇనుప గుంజలు, చుట్టూ తాళ్లు, కింద వరిగడ్డి మీద టార్పాలిన్. మైకు దగ్గర సారయ్య. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన సారయ్యకు గొంతు ఇంకా రిటైర్ కాలేదు.

"వచ్చిండు, వచ్చిండు, గోలియత్ వచ్చిండు!"

క్రిస్టోఫర్ దిగాడు. తువాలు గిరగిరా తిప్పి జనంలోకి విసిరాడు. ముందు వరుసలో గ్రేస్ పక్కన సాయిప్రియ కూర్చుని, ఒడిలో చున్నీని గట్టిగా పట్టుకుని తండ్రినే చూస్తోంది. ఆ పిల్ల మొహం చూడగానే క్రిస్టోఫర్‌కు గుండెలో ముల్లు గుచ్చుకుంది. అంతలోనే జనం ఈలలు వేశారు, ముల్లు సంగతి మరిచిపోయాడు. బనియను రెండు చేతులా పట్టుకుని లాగాడు.

చిరగలేదు.

మళ్లీ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ బనియను ఉలకలేదు.

"గోలియత్ బలం కూడగట్టుకుంటున్నడు!" అని సర్దిచెప్పాడు సారయ్య. జనం చప్పట్లు.

మూడోసారీ చిరగకపోయేసరికి చెమటలు పట్టాయి. పోనీ తలమీదుగా తీసి పారేద్దామని పైకి లాగాడు. అది మోచేతుల దగ్గర, మొహం మీద బిగుసుకుపోయింది. గోలియత్ రెండు చేతులూ ఆకాశంలోకి లేచి అక్కడే ఉండిపోయాయి.

ఒక్క చెయ్యి లేస్తేనే పడే మనిషి తిరుపతి. రెండు చేతులు చూసేసరికి ఆయన మోకాళ్లు సగం వంగిపోయాయి. దానికి తోడు గడ్డి దుమ్ము ముక్కులోకి పోయి, బనియను లోపలి నుంచి గోలియత్ హాచ్చ్ మన్నాడు.

తిరుపతి గాల్లోకి ఎగిరాడు.

"నాయినా, పడకే!" సాయిప్రియ కేక గ్రౌండంతా వినబడింది.

ఆ కేకకు తిరుపతి గాల్లోనే తెప్పరిల్లి కాళ్ల మీద దిగాడు. పదకొండేళ్లలో అదే మొదటిసారి. మెల్లగా నడిచి వచ్చి, "ఏమనుకోకే అన్నా" అని, చూపుడువేలితో గోలియత్ పొట్ట మీద చిన్నగా నెట్టాడు.

గోలియత్ ఉన్నపళంగా వెనక్కి పడ్డాడు. పల్టీ లేదు, పద్ధతి లేదు. పడటం కూడా ఒక విద్యేనని, దానికి కుస్తీ కన్నా ఎక్కువ సాధన కావాలని నడుముకు నేల తగిలాక తెలిసింది. పదకొండేళ్లు ఈ మనిషి ఎట్లా పడ్డాడురా నాయనా అనుకున్నాడు.

సారయ్య మూడు లెక్కపెట్టాడు. గ్రౌండు దద్దరిల్లింది. సాగిన బనియను అల్లికలోంచి క్రిస్టోఫర్‌కు మసకగా కనిపించింది. సాయిప్రియ తాళ్ల కింద నుంచి దూరి వచ్చి తండ్రి మెడ పట్టుకుని ఏడుస్తోంది. తిరుపతి కూడా ఏడుస్తున్నాడు. ఎందుకో క్రిస్టోఫర్‌కు కూడా ముక్కు చెమ్మగిల్లింది. తుమ్ము వల్లే అని సరిపెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక గ్రేస్ కత్తెరతో బనియను కోసి ఆయన్ని బయటికి తీసింది.

"గోనె దారంతోని కుట్టినవా?"

"రెండు వరుసలు. లోపల స్తుతి పాత జీన్సు పట్టీ గూడ వేసిన."

"కట్టుకున్నోన్ని పదిమందిల పడేస్తవా?"

"మాట మీద నిలబెడదామనుకున్న. నిలబడకపోతివి, పండబెట్టిన."

అంతలో సాయిప్రియ మిఠాయి డబ్బాతో వచ్చింది. "పెదనాయినా, పెద్దమ్మ నాకు అంతా చెప్పింది!"

క్రిస్టోఫర్ ఫ్లెక్సీ వైపు ఓరగా చూశాడు.

"మా నాయిన గెలవాలని నువ్వే బనియన్ గట్టిగ కుట్టియ్యమన్నవట గద! గింత పెద్ద మనసు ఎవరికుంటది పెదనాయినా?"

క్రిస్టోఫర్ గ్రేస్ వైపు చూశాడు. ఆమె కత్తెర తుడుచుకుంటోంది. "ఆఁ... మన తిరుపతే గదా బిడ్డా," అని మిఠాయి నోట్లో వేసుకున్నాడు.

"ఆ చుట్ట ఏంది పెదనాయినా?"

గ్రేస్ నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఫ్లెక్సీ బిడ్డా. మిరపకాయలు ఆరబోయనీకి తెచ్చిన."

తెల్లారి గ్రేస్ వైరా నుంచి వచ్చిన మిరపకాయల బస్తాను మెట్ల దగ్గర చూపించింది. ఆయన నడుము పట్టుకుని, "తిరుపతిని పిలువరాదే," అన్నాడు.

"ఆయన ఛాంపియన్. ఇగ నుంచి నడుము నొచ్చుడు ఆయనకే."

గోలియత్ బస్తా ఎత్తుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగి, మేడ మీదకు చేరి, ఫ్లెక్సీ పరిచి, మీసం తిప్పుతున్న తన మొహం మీదే ఎర్రటి మిరపకాయలు కుమ్మరించాడు. కళ్లు కనిపించకుండా ఇంకో దోసెడు ఎక్కువే పోశాడు.