గొంతు మాత్రం అధ్యక్షులవారిదే

ఒక పెద్ద అడవిలో నోళ్ళకు కొదవ లేదు గానీ, మాట మోసే పని మాత్రం గోరింకలది. ఎవరికి ఏ కబురు పంపాలన్నా గోరింకను పిలిచి చెవిన వేస్తే చాలు. అది చెట్టుచెట్టుకూ ఎగిరి, చెప్పినవారి గొంతుతోనే, మధ్యలో వచ్చిన దగ్గుతో సహా వినిపించి వచ్చేది.

మొదట్లో కొండ అవతలి చుట్టాలకు కబురంపడానికే గోరింకలను పిలిచేవారు. రానురాను పక్క పొదలో ఉన్నవాణ్ణి "తిన్నావా?" అని అడగడానికి కూడా గోరింకే కావలసి వచ్చింది. పైగా ఒక మర్యాద పుట్టింది. గోరింక పలికాక, పలికించినవారి దగ్గరికి వెళ్ళి "ఆ మాట మీదేనా?" అని అడగకూడదు. అడిగితే వాళ్ళను నమ్మనట్టు. ఆ అడవిలో తిండికి లోటు రావచ్చు గానీ మర్యాదకు లోటు రాకూడదు.

వేసవి వచ్చిందంటే అక్కడ వాగు ఎండిపోయేది. పెద్ద మడుగు ఒకటి ఉంది గానీ దాని ఒడ్డున పులి కాపురం. అందుకని ఎవరికి వారు వాగు ఇసుకలో తడి జాడ పట్టి, గిట్టలతోనో గోళ్ళతోనో చిన్న చెలమ తవ్వుకునేవారు. అందులో ఊరే నీళ్ళు ఒక ఇంటికి సరి. కాబట్టి చెలమ చోటు కడుపున పుట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ చెప్పేవారు కారు.

ఆ సంవత్సరం చుక్కమ్మ అనే దుప్పికి కాన్పయింది. కాళ్ళు సరిగ్గా నిలవని పసిబిడ్డ. తల్లి నీళ్ళు తాగితేనే బిడ్డకు పాలు. చుక్కమ్మ వాగొడ్డున ఒక పాత ఇప్పచెట్టు కింద చెలమ తవ్వుకుని, మిట్టమధ్యాహ్నం అడవంతా నీడల్లో ఉన్నప్పుడు వెళ్ళి తాగి వచ్చేది.

అదే అడవిలో జాగ్రత్త సంఘం అని ఒకటుండేది. దానికి అధ్యక్షుడు గంభీరయ్య అనే అడవిదున్న. కార్యదర్శి సూదులు అనే ముళ్ళపంది. ప్రచార బాధ్యత పింఛారావు అనే నెమలిది. ఏ గోరింక ఏం పలికినా నిజమో అబద్ధమో చూడకుండా ఇంకో గోరింకకు ఎక్కించి పంపడం పింఛారావుకు వ్యసనం. అందుకే ఆ పదవి ఇచ్చారు.

సంఘం చేసే పని ఒక్కటే. రోజూ పొద్దున్నే గంభీరయ్య గొంతు సవరించుకుని, "జాగ్రత్త! జాగ్రత్త! అడవిలో మోసగాళ్ళు తిరుగుతున్నారు!" అనేవాడు. గోరింకలు దాన్ని అడవంతా చల్లేవి. అంతటితో ఆ రోజుకు జాగ్రత్త పూర్తయ్యేది.

ఆ కేకకు ఇప్పచెట్టు తొర్రలో పడుకున్న జవ్వాజికి నిద్రాభంగం అయ్యేది. జవ్వాజి పునుగుపిల్లి. పగలంతా పడక, పొద్దు గుంకాక నడక. పుట్టి బుద్ధెరిగాక ఇసుకలో గోరు పెట్టి చెలమ తవ్వినవాడు కాడు. ఒకరోజు చిరాగ్గా ఒత్తిగిల్లుతూ అనుకున్నాడు. "ఈ దున్నపోతు ఎలాగూ నా నిద్ర చెడగొడుతున్నాడు. ఆ గొంతుతో నా పనే చేయించుకుంటే పోలా?"

సాయంత్రం ఒక గోరింకను పిలిచాడు.

"ఏమ్మా, అధ్యక్షులవారి కేక వచ్చా నీకు?"

"రోజూ అదే కదా. నిద్రలో కూడా వస్తుంది."

"దాని చివర చిన్న ముక్క కలపాలి. గొంతు మారకూడదు సుమా."

"గొంతు మారిస్తే నేను గోరింకనెలా అవుతాను?" అంది అది, కాస్త నొచ్చుకుని.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు చుక్కమ్మ బిడ్డను నాకుతూ ఉండగా ఎదుటి కొమ్మ మీద గోరింక వాలింది. "జాగ్రత్త! జాగ్రత్త! అడవిలో మోసగాళ్ళు తిరుగుతున్నారు! సంఘంలో నమోదు కాని చెలమలను ఈ పొద్దు గుంకేలోగా పూడ్చివేయడం జరుగుతుంది. మీ చెలమ చోటు వెంటనే ఈ గోరింకకు చెప్పండి. ఈ సంగతి ఇంకొకరితో అంటే నమోదు రద్దు!"

చుక్కమ్మ నాకడం ఆపేసింది. ఆకాశం వంక చూసింది. పొద్దు అప్పుడే వాలుతోంది. గంభీరయ్య ఉండే మైదానం ఆ గట్టు దిగితే వస్తుంది. వెళ్ళి అడుగుదామని ఒక అడుగు వేసింది కూడా. అంతలోనే, "అంత పెద్దాయన్ని పట్టుకుని మీరేనా అని అడిగితే ఏమనుకుంటారు?" అని ఆగిపోయింది.

"ఇప్పచెట్టు కింద, వంకర వేరు పక్కన" అని చెప్పేసింది.

గోరింక తెచ్చిన ఆ చోటు విని జవ్వాజి పొట్ట పట్టుకుని నవ్వాడు. తన పడక కిందే నీళ్ళు! పగలంతా నిద్రపోయేవాడికి తెలిసేదెలా?

అలా ఒక్కొక్కరి చెలమా జవ్వాజి చేతికొచ్చింది. వాటి చోట్లు అతను అడవిపందుల మందకు చెప్పేవాడు. మంద దిగి, తాగినంత తాగి, మిగిలినదాంట్లో పొర్లి, బురద చేసి పోయేది. అందుకు బదులుగా అవి జవ్వాజికి తీపి దుంపలు పడేసేవి.

చుక్కమ్మ వెళ్ళేసరికి చెలమలో నీళ్ళు లేవు. పంది వెంట్రుకలు తేలే గుజ్జు ఉంది. ఆమె బిడ్డను పొదలో పడుకోబెట్టి, ఈసారి మర్యాదలేవీ గుర్తు చేసుకోకుండా, పరుగున సంఘం దగ్గరికి పోయింది.

"అధ్యక్షులవారూ, నా చెలమ పోయింది. చంటిబిడ్డ ఉంది బాబూ. మీరే చోటడిగారు, మీరే దారి చూపించాలి!"

గంభీరయ్య కళ్ళు పెద్దవి చేశాడు. "నేనడిగానా? ఎవరైనా చెలమ చోటు చెప్తారా తల్లీ! రోజూ గొంతు చించుకుని జాగ్రత్త జాగ్రత్త అని నేను..."

"ఆ గొంతే కదా బాబూ అడిగింది!"

"అడిగితే మాత్రం? తెలివి ఉండక్కర్లా?" అందుకున్నాడు సూదులు, ముళ్ళు నిగడదన్నుతూ. "నన్నడగమను చూద్దాం. దగ్గరికి రానిస్తానా?"

"అయ్యో, చదువూ సంధ్యా లేనివాళ్ళు ఇలాగే పడతారు" అని పింఛారావు జాలిగా తల తిప్పాడు. ఆ వెంటనే ఒక గోరింకను పిలవబోయాడు.

గంభీరయ్య కంగారుగా ఆపాడు. "వద్దు వద్దు! ఇది బయటికి పోకూడదు. చుక్కమ్మా, నీ మంచికే చెప్తున్నాను. మోసపోయానని చెప్పుకుంటే పోయేది నీ పరువే. కిమ్మనకుండా ఇంటికి పో. రేపటి నుంచి ఇంకా గట్టిగా జాగ్రత్త చెప్తాలే."

చెప్తున్నంతసేపూ అతని నాలుక అంగిట్లో అతుక్కుపోతూనే ఉంది. సూదులు పెదాలు పగిలి ఉన్నాయి. పింఛారావు మెడ వడలిన తీగలా వేలాడుతోంది. బిడ్డ ధ్యాసలో ఉన్న చుక్కమ్మ ఇదేమీ గమనించలేదు. అసలు సంగతేమిటంటే, అందరికంటే ముందు చెలమ పోగొట్టుకున్నది అధ్యక్షులవారే. ఆయన దగ్గరికి గోరింక మృగరాజు సింహం గొంతుతో వచ్చింది. మృగరాజును చూసినవాళ్ళు ఆ అడవిలో లేరు, గొంతు విన్నవాళ్ళు అంతకన్నా లేరు. అయినా గంభీరయ్య లేచి నిలబడి, తల వంచి, చెలమ చోటు చెప్పాడు. ఆ మర్నాడు పోయింది సూదులు చెలమ, ఆ తర్వాత పింఛారావుది. ఎవరూ నోరు విప్పలేదు. మొదటివాడు విప్పి ఉంటే చుక్కమ్మ దాకా వచ్చేదే కాదు.

నాలుగు పూటలు గడిచాయి. పందుల మంద వేరేచోటికి మళ్ళింది. ఇప్పచెట్టు కింద బురద పేరుకుని, పైన కాసిని తేట నీళ్ళు ఊరాయి. తొర్రలోంచి చూసిన జవ్వాజికి కొత్త ఆలోచన పుట్టింది. చెలమ పోగొట్టుకున్నవాడికి దప్పిక ఎక్కువ, సిగ్గు అంతకన్నా ఎక్కువ. ఆ రెండూ ఉన్నవాణ్ణి రెండోసారి పట్టడం మరీ తేలిక.

మళ్ళీ గోరింక బయల్దేరింది. ఈసారి రహస్యంగా, ముందుగా సంఘంవారు ముగ్గురికీ, ఒక్కొక్కరి చెవిలో. "పోయిన చెలమకు బదులు చెలమ ఇప్పించే సేవ! మీ ఒక్కరికే! మోపెడు పళ్ళు తెచ్చి వాగొడ్డు ఇప్పచెట్టు మొదట్లో పెట్టండి. కొత్త చెలమ అక్కడే ఉంది, మీదే. అందరూ నిద్రపోయే వేళ రండి, మిట్టమధ్యాహ్నం!"

జవ్వాజి లెక్క అది. మిట్టమధ్యాహ్నం తను నిద్రపోతాడు. తను నిద్రపోయే వేళకి లోకమంతా నిద్రపోతుందని అతని గట్టి నమ్మకం. ఎవరికి వారు వచ్చి పళ్ళు పెట్టి పోతారు, చీకటి పడ్డాక లేచి తినొచ్చు. అందుకని అందరికీ ఆ ఒక్క వేళే చెప్పాడు. చెప్పి, తొర్రలో వెచ్చగా ముడుచుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికొచ్చింది. గంభీరయ్య కొమ్ములకు ఈతపళ్ళ గెలలు తగిలించుకుని, అటూ ఇటూ చూస్తూ గట్టు దిగాడు. చెట్టు దగ్గర సూదులు కనిపించాడు. వీపు మీద ప్రతి ముల్లుకూ ఒక మేడిపండు గుచ్చి ఉంది.

"ఏమిటి సూదులూ, ఇటొచ్చావు?"

"ఊరికే, గాలికి తిరుగుదామని. తమరు?"

"తనిఖీకి."

"కొమ్ములకు ఆ గెలలూ..."

"ఆ గెలల తనిఖీకే."

పొద వెనక నుంచి పింఛారావు బయటపడ్డాడు. ముక్కున నేరేడు రెమ్మ. "నేను కూడా గాలికే" అన్నాడు రెమ్మ కింద పెట్టి, ఎవరూ అడక్కముందే. ముగ్గురూ పళ్ళను చూసుకున్నారు. చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు. ఆకు కదలడం లేదు, గాలి సంగతి సరేసరి.

అప్పుడే చుక్కమ్మ వచ్చింది. ఆమెను ఏ గోరింకా పిలవలేదు, ఆమె చెలమనే ఆమెకు ఇస్తామనలేరుగా. తన చెలమ తేరుకుందేమో చూసుకోవడానికి రోజూ వచ్చినట్టే వచ్చింది. వెనక బిడ్డ. అది రెండు అడుగులు వేసి ముందుకాళ్ళ మీద కూలబడింది.

"నీళ్ళు తేరాయా?" అంటూ ముందుకొచ్చిన చుక్కమ్మ వాళ్ళను చూసి ఆగింది. పళ్ళు చూసింది. వాళ్ళ పగిలిన పెదాలు చూసింది. ఆమెకప్పుడు అర్థమైంది.

"ఓహో! చదువూ సంధ్యా ఉన్నవాళ్ళు కూడా పడ్డారన్నమాట."

"ఎవరు పడ్డారు? మాటలు జాగ్రత్త!" అన్నాడు గంభీరయ్య.

ఆమె అతన్ని పట్టించుకోలేదు. కొమ్మ మీద గోరింక కునుకు తీస్తోంది. "ఏమే గోరింకా! నా చెలమ చోటు అడగమని నీకు చెప్పిందెవరు?"

గోరింక కళ్ళు తెరిచింది. "మొదటి సగం అధ్యక్షులవారు. రెండో సగం జవ్వాజి. గొంతు మాత్రం అధ్యక్షులవారిదే వాడాను, అతుకు తెలియకూడదని."

"మరి మృగరాజు?" అని గంభీరయ్య నోరు జారాడు.

"ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదండీ. కాస్త బొంగురుగా అన్నాను. మీరు లేచి నిలబడ్డారు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే దొంగముండా!" అని పింఛారావు ఎగిరిపడ్డాడు.

"వినిపించమన్నారు, వినిపించాను. మళ్ళీ మళ్ళీ పంపమన్నారు, పంపాను. ఎవరు చెప్పారని అడిగినవాళ్ళు ఒక్కరుంటేగా?"

జవ్వాజి ఎక్కడని ఎవరూ వెతకనక్కర్లేకపోయింది. తొర్రలోంచి పునుగు వాసనతో పాటు గురక వస్తోంది. గంభీరయ్య ఒక్క కుమ్ము కుమ్మాడు. జవ్వాజి జామపండులా కిందపడి, ఎండకు కళ్ళు చికిలించి, ఎదురుగా నలుగురినీ చూశాడు. ఒక్క క్షణం బెదిరాడు. వెంటనే తేరుకున్నాడు.

"నేనేం తప్పు చేశాను? నా మీద ఫిర్యాదు ఏదీ? నా వల్ల మోసపోయానని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ముందుకొచ్చి చెప్పండి!"

సూదులు ఇసుక వంక చూశాడు. పింఛారావు ఆకాశం వంక చూశాడు. గంభీరయ్య తన గిట్టల్ని తనిఖీ చేసుకున్నాడు. జవ్వాజి మీసం నెమ్మదిగా పైకి లేచింది.

"నేను" అంది చుక్కమ్మ. "నేను మోసపోయాను. భయపడి, ఆలోచించకుండా, ఎవర్నీ అడక్కుండా చెప్పేశాను. నా బిడ్డ అదిగో, లేవలేకపోతోంది. ఇంకా పరువు చూసుకుంటూ కూర్చోమంటారా?"

బిడ్డ మళ్ళీ లేవబోయి కూలబడింది.

"నేను కూడా" అన్నాడు సూదులు, ముళ్ళు వాల్చి. "నేను కూడా, కొంచెం" అన్నాడు పింఛారావు. చివరికి గంభీరయ్య వినపడీ వినపడకుండా ఏదో గొణిగాడు. ఆయన గొంతు అంత చిన్నగా వస్తుందని గోరింకకు కూడా అప్పుడే తెలిసింది.

మీసం దిగిపోయింది. సూదులు వెనక్కి తిరిగి జవ్వాజి తోక మీద ఒక్క విసురు విసిరాడు. పగలెన్నడూ బయటికి రాని జవ్వాజి, కాలే ఇసుక మీద, తోకనిండా ముళ్ళతో, అడవి దాటేదాకా గెంతుతూనే పోయాడు.

"ఈ చోటు ఎలాగూ అందరికీ తెలిసిపోయింది" అంది చుక్కమ్మ. "అధ్యక్షులవారూ, గిట్టలున్నాయిగా, లోతుగా తవ్వండి. ముందు నా బిడ్డ తాగుతుంది. తర్వాత మీరు."

గంభీరయ్య మారుమాట లేకుండా తవ్వాడు. సంఘం పుట్టాక ఎవరికైనా పనికొచ్చిన పని అదొక్కటే. బిడ్డ మూతి ముంచి తాగి, తుమ్మి, తనంతట తాను లేచి నిలబడింది.

పోతూ పోతూ చుక్కమ్మ గోరింకతో అంది. "ఇక మీదట ఏ కబురు పలికినా, చెప్పిందెవరో చివర్న అది కూడా పలుకు."

"అదెంత పని! అడిగినవాళ్ళు లేక గానీ."

మర్నాడు పొద్దున్నే అడవంతా గంభీరయ్య గొంతు మోగింది. "జాగ్రత్త! జాగ్రత్త! అధ్యక్షులవారు తమ అపారమైన తెలివితో పన్నిన వలలో జవ్వాజి చిక్కాడు! సంఘంవారు ఎవరూ, ఎన్నడూ, ఎవరిచేతా మోసపోలేదు!"

గోరింక ఊపిరి తీసుకుని, చివర్న తన సొంత గొంతుతో కలిపింది. "చెప్పినవారు, అధ్యక్షులవారే."

నీతి: మోసపోతే ఎవరికీ చెప్పకుండా గుట్టుగా దాచుకోండి, మోసగాడికి అంతకన్నా నమ్మకమైన భాగస్వామి దొరకడు.