అత్తయ్య పన్ను

ఆ రోజు చేయాల్సిన పనులు షెడ్డు గోడకున్న పలక మీద సుద్దముక్కతో రాసి ఉన్నాయి:

అత్తయ్య తల విప్పాలి.
లోపలి మురికంతా గీకెయ్యాలి.
మెడ బిగించాలి.
పళ్ళు చూడాలి.
సాయంత్రం ఐదింటికల్లా తిప్పి చూపించాలి.

రాసినవాడు హంతకుడు కాడు, మెకానిక్కు. పిండి కలిపే పాత మిక్సర్లు బాగుచేయడం అతని వృత్తి. ఇనుప కాలు మీద నిలబడి, గిన్నెలోకి తల వంచి కవ్వం తిప్పే బరువైన రకం అవి. షెడ్డులో ఏడెనిమిది ఉంటాయి కాబట్టి, ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కదాని మెడలో ఒక అట్టముక్క కడతాడు. 'లాయరుగారు', 'నర్సమ్మ', 'మూలమీది మేడ'. ఆ రోజు బల్ల మీదున్న దాని మెడలో 'అత్తయ్య' అని ఉంది.

మెకానిక్కు అత్తగారు ముప్పై ఏళ్ళు కేకుల దుకాణం నడిపిన మనిషి. ఆ ముప్పై ఏళ్ళూ ఆ మిక్సరే ఆమెకు కుడిభుజం. మళ్ళీ ఇంట్లోనే కేకులు మొదలుపెడదామని పోయిన నెల అటక మీంచి దింపించింది. నాలుగు రోజులకే, అది తనంతట తానే ఆగిపోయిందనీ, దానికి కాలం చెల్లిందనీ తేల్చేసింది. అల్లుడు బతిమాలగా బతిమాలగా ఒక గడువు పెట్టింది.

"ఇవాళ ఐదింటికి తిరిగిందా, సరే. లేదా, పాత ఇనుప సామాన్లవాణ్ణి బండితో రమ్మన్నాను. మీరు విప్పడంలో దిట్టే అల్లుడుగారూ, బిగించగానే ఎప్పుడూ చూళ్ళేదు."

ఆ మాట అతని గుండెల్లో మేకులా దిగింది. మిక్సరు బండెక్కితే, ఆ ఇంట్లో తన పనితనం మీద మిగిలిన కాస్త నమ్మకమూ దాంతోపాటే ఎక్కుతుంది.

పదిన్నరకు తల విప్పాడు. నల్లటి గ్రీజు కింద ఇత్తడి పళ్ళచక్రం కనిపించింది. దానికి ఒక పన్ను మొదలంటా విరిగి ఉంది. మోటారును కాపాడటానికి ఆ ఒక్క చక్రాన్నీ కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. బరువెక్కువైతే ముందు అది విరిగి, మిగతావాటిని బతికిస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, అలాంటి చక్రాలు తయారుచేయడం మానేసి చాలా ఏళ్ళయింది. విడిభాగాల దుకాణానికి ఫోను చేస్తే, యజమాని బయటికెళ్ళాడనీ, రాగానే ఆయనతో ఫోను చేయిస్తామనీ చెప్పారు. పాత చక్రం ఇంకోటి అత్తగారి అటక మీద ఉందేమోనని బావమరిదికి ఫోను చేశాడు.

బావమరిది పన్నుల ఆఫీసులో గుమాస్తా. ఎదుటివాడి మాట పూర్తికాకముందే చెప్పులు వేసుకునే రకం కాబట్టి ఇంట్లోవాళ్ళు అర్జెంటు అని పిలుస్తారు.

"ఏమోయ్, అత్తయ్య పన్ను విరిగింది."

"ఏ పన్ను బావా? ఇంటిదా, నీళ్ళదా?"

"నీళ్ళ పన్నేమిటయ్యా, నిజం పన్నే. కిందది. మొదలంటా పోయింది. చుట్టూ నల్లగా కారుతోంది కూడా. నువ్వోసారి ఇంటికెళ్ళి..."

అర్జెంటు అప్పటికే ఫోను పెట్టేశాడు.

పావుగంటలో ఫోను మోగింది. ఎవరో ఆవిడ. దుకాణంవాళ్ళే అనుకున్నాడు మెకానిక్కు.

"విరిగిన పన్ను మీరు చూశారటగా?"

"చూడటమేంటండీ, ముక్క తీసింది నేనే."

"మీరే తీశారా? చేత్తోనా?"

"చేత్తో రాలేదండీ. స్క్రూడ్రైవరు పెట్టి లేపాను."

అవతల ఏదో కింద పడిన చప్పుడైంది.

"పక్క పళ్ళు ఎలా ఉన్నాయి?"

"అరిగాయి గానీ గట్టివేనండీ. పాతకాలం సరుకు కదా."

"చూడండి, ఇంక దేన్నీ ముట్టుకోకండి. ఆ ముక్కను పాలలో వేసుకుని వెంటనే రండి. గడియారం స్తంభం పక్క సందు, మొదటి అంతస్తు."

"పాలలోనా?"

"పాలలోనే. ఆరిపోతే పనికిరాదు."

పన్నెండేళ్ళుగా ఇనుప ముక్కల్ని కిరసనాయిల్లో నానబెట్టాడు, నూనెలో నానబెట్టాడు. పాల సంగతి ఎప్పుడూ వినలేదు. కానీ ఐదింటి గడువు నెత్తిమీద కూర్చుంది. తేనెలో వేయమన్నా వేసేవాడే. టీకని తెచ్చుకున్న పాలు గ్లాసులో పోసి, ముక్క అందులో వేసి, చక్రం సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. మెట్ల దగ్గర బోర్డు మీద పెద్ద పన్ను బొమ్మ ఉంది. పళ్ళచక్రాల దుకాణానికి ఇంత మంచి బోర్డా అని మెచ్చుకుంటూ ఎక్కాడు.

లోపల వాలుకుర్చీలో అత్తగారు నోరు తెరిచి పడుకుని ఉంది. అర్జెంటు ఆమె భుజాలు అదిమి పట్టుకున్నాడు. అల్లుణ్ణి చూడగానే ఆమె కళ్ళు నిప్పులు కక్కాయి. పళ్ళ డాక్టరు మాత్రం ముందు అతని జేబులో ఉన్న స్క్రూడ్రైవరు వంక చూసి, తర్వాత గ్లాసు అందుకున్నాడు. పాలలోంచి ముక్కను పట్టుకారుతో పైకి తీశాడు.

"ఇది ఇత్తడి."

"అవునండీ. అత్తయ్యవన్నీ ఇత్తడివే."

"అమ్మకి ఇత్తడి పళ్ళా? నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు అర్జెంటు.

మెకానిక్కుకు అప్పుడు అర్థమైంది. అట్టముక్క సంగతి, చక్రం సంగతి, డాక్టరుగారి నర్సు చేసిన ఫోను దుకాణంవాళ్ళదనుకున్న సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. అత్తగారు కొడుకు చేతులు విదిలించుకుని లేచి కూర్చుంది.

"ఆఫీసు మానేసొచ్చి నన్ను చీరైనా మార్చుకోనివ్వకుండా లాక్కొచ్చాడు. నా పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. పదండి."

"పడుకోండమ్మా," అన్నాడు డాక్టరు. "ఆ పన్ను సంగతి నాకు తెలీదు గానీ, మీ పన్ను నిజంగానే విరిగింది. కుడివైపు కింద. నెలరోజులై ఉంటుంది. ఏం కొరికారు?"

అత్తగారు పైకప్పు వంక చూసింది.

"బిస్కట్టు."

"ఏ దుకాణానిది?"

"దుకాణానిదైతే ఎందుకు విరుగుతుంది? నేను చేసిందే."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. చెయ్యి తిరిగిన మనిషినే కదా అని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గిన్నెకు మూడింతల పిండి పోసి, నీళ్ళు మరిచి మిక్సరు తిప్పింది. అది మూలిగి మూలిగి ఆగిపోయింది. ఉన్న పిండితోనే బిస్కట్లు కాల్చి ఒకటి కొరికింది. మిక్సరు పన్నూ, ఆమె పన్నూ ఒకే పిండికి, ఒకే పూట విరిగాయి. నెలరోజులుగా ఎడంవైపు నములుతూ, నేరం మిక్సరు మీద వేసి కిమ్మనకుండా ఉంది.

ఇంతలో వెనక గది తలుపు తీసుకుని, కట్టుడుపళ్ళు తయారుచేసే పెద్దాయన వచ్చాడు. నుదుటి మీద భూతద్దం, చేతిలో చిన్న ఆకురాయి. ఇత్తడి ముక్కను వెలుతురులో తిప్పి చూశాడు.

"చక్రం తెచ్చారా?" అన్నాడు, అంతే.

ఇటు డాక్టరు అత్తగారి పన్ను కడుతుంటే, అటు వెనక గదిలో సన్నటి మంట బుస్సుమంది. ఆ తర్వాత ఆకురాయి చప్పుడు. మెకానిక్కు రెండు గదుల మధ్యా గడియారం చూస్తూ నిలబడ్డాడు. నాలుగుంపావుకు చక్రం చేతికొచ్చింది. అతుకు వేలికి తగల్లేదు.

"మిగతావాటికంటే కాస్త మెత్తగానే పెట్టాను," అన్నాడు పెద్దాయన. "ఈసారి కూడా ముందు విరగాల్సింది ఇదేగా. విరిగితే తీసుకురండి. పాలు అక్కర్లేదు."

ఐదుకు రెండు నిమిషాలు. షెడ్డు ముందు ఇనుప సామాన్లవాడు బండి నిలిపి తాడు విప్పుతున్నాడు. మెకానిక్కు చివరి మర బిగించి స్విచ్చి నొక్కాడు. మిక్సరు ఒకసారి గుర్రుమని ఆగింది. మళ్ళీ నొక్కాడు. కవ్వం కదిలింది, ఊపందుకుంది, చప్పుడు లేకుండా తిరిగింది.

అత్తగారు బండివాడికేసి చెయ్యి ఊపి ఏదో అంది. మత్తుమందుకు సగం నోరు మొద్దుబారి ఉంది.

"పత్తుహెల్ల..."

"పట్టుకెళ్ళమంటోంది," అన్నాడు అర్జెంటు.

బండివాడు మిక్సరును వాటేసుకున్నాడు. అత్తగారు వాణ్ణి ఒక్క తోపు తోసి, గోడ మీది పలక అందుకుని, అల్లుడి పనుల కింద సుద్దముక్కతో గట్టిగా రాసింది: 'పట్టుకెళ్ళకు. ఇది మా అల్లుడు బిగించింది.'

మీ ఇంట్లో ఏ పాత యంత్రమైనా ఇంకా తిరుగుతుంటే, పేరైనా చెప్పకుండా వెనక గదిలోకి వెళ్ళిపోయిన ఆ పెద్దాయన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఊళ్ళో సగంమంది నవ్వు ఆయన చేతి పనే; ఆయనకు మాత్రం ముందు వరసలో రెండు పళ్ళు లేవు.