ఎదుటి పార్టీ వకీలుతో ఉగ్గాని

"కళ్యాణదుర్గం తాలూకా మొత్తానికీ బుర్ర అనేది ఒకటే ఉండాది బావా. అది నా మెడ మీద ఉండాది," అని గిరి ప్రకటించాడు.

బాలప్ప చేతిలోని కాగితాల సంచీ ముడి బిగించుకున్నాడు. కంబదూరు దగ్గర ఆరెకరాల మెట్ట చేను. ఆ చేనికి పోయే బండి బాటకు అడ్డంగా సర్కారు తుమ్మ కంప. ఇంట్లో ఒలిచి పెట్టిన విత్తనం చెనక్కాయలు. పైన రేపో మాపో కురిసేలా మబ్బు. ఇన్ని పెట్టుకున్న మనిషికి బామ్మర్ది బుర్ర గురించి వాదించే ఓపిక ఎక్కడిది?

గిరికి బస్టాండు పక్కన సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది. అతని కార్డు మీద మాత్రం 'గిరి, అపరాధ పరిశోధకుడు' అని పెద్దక్షరాలు, అడుగున 'ఫోన్లు కూడా బాగుచేయబడును' అని చిన్నక్షరాలు. ఇంతవరకు చేపట్టిన కేసు ఒక్కటే, తప్పిపోయిన పొట్టేలు. దాని కోసం మూడు రోజులు మూడు మండలాలు గాలించాడు. పొట్టేలు మొదటి రోజు సాయంత్రమే ఇంటికొచ్చి మేత మేస్తోంది.

ఈసారి వ్యవహారం పొట్టేలు కాదు. పక్క చేను కొన్న బట్టల వ్యాపారి మల్లికార్జునయ్య, అక్కడ బాటే లేదని కంప కొట్టించి అడ్డం వేయించి, బాలప్ప అటు రాకూడదని కోర్టులో దావా వేశాడు. బాలప్పకు వకీలు కావాలి.

మొదట చూసిన వకీలుది ఏసీ గది. "కాగితాలు ఆడ పెట్టిపో. వంద శాతం మనదే గెలుపు," అన్నాడాయన, కాగితాల సంచీ ముడి కూడా విప్పకుండా. గిరి పరవశించిపోయాడు. బాలప్ప సంచీ తీసుకుని బయటికొచ్చేశాడు.

రెండో వకీలు మహేశ్వరి. జిరాక్సు షాపు మీద చిన్న గది. ఆమె కాగితాలన్నీ రెండుసార్లు చదివింది. బాలప్ప చేతికి పెన్నిచ్చి చేను బొమ్మ గీయించింది. ఆ బాటలో ఇంకా ఎవరెవరి బండ్లు పోయేవో పేర్లు రాసుకుంది.

"గెలుస్తామని మాటియ్యలేను బాలప్పన్నా," అంది చివరికి. "గ్రామ పటంలో బాట ఉండాది. దాని మొదట్లో సర్వే రాయి ఉండాల. అది కనపడితే మనకు బలం. నా దగ్గర మాత్రం ఏమీ దాచొద్దు, మన తప్పులైనా సరే. ఇంకేమన్నా ఉండాదా?"

ఉంది. పోయిన నెల కోపంలో బాలప్ప మల్లికార్జునయ్య డ్రిప్పు పైపును కొడవలితో కోశాడు. చెప్పబోయేసరికి బల్ల కింద గిరి అతని కాలు తొక్కాడు.

"ఏం లేదు మేడం," అన్నాడు బాలప్ప. ఆ అబద్ధం రెండు రోజులు అతనికి అన్నం సహించనివ్వలేదు.

అయినా వకాలత్తు మీద సంతకం ఆమెకే పెట్టాడు. గిరికి అది నచ్చలేదు. గెలుస్తానని చెప్పని వకీలు కచ్చితంగా శత్రువు మనిషేనని తేల్చేశాడు. శత్రువులు వింటారని బాలప్ప ఫోను లాక్కుని, శబ్ద తరంగాలు అందని చోట, అంటే తన చొక్కా జేబులో, భద్రం చేశాడు.

మరునాడు మధ్యాహ్నం రొప్పుతూ వచ్చాడు.

"నెత్తురు గడ్డకట్టే నిజం బావా. కోర్టు క్యాంటీన్లో మహేశ్వరి, ఎదుటి పార్టీ వకీలు ఇమ్మానుయేల్, ఒకే బల్ల కాడ కూర్చోని బొరుగుల ఉగ్గాని తింటాండారు. నవ్వుతాండారు. ఆయన తన బజ్జీ తీసి ఈమె ప్లేట్లో పెట్టినాడు. ఆ బజ్జీలో ఏముండాదో తెలుసునా?"

"మిరపకాయ," అన్నాడు బాలప్ప.

"నవ్వు బావా, నవ్వు. ఆమె వకీలు కాదు, నకిలీ. రేపు పొద్దున్నే ఇద్దరూ ఒకే ఆటోలో నీ చేను కాడికి పోతాండారు. ఈ చెవుల్తో విన్నా."

బాలప్పకు నవ్వు ఆగిపోయింది.

తెల్లారి ఎనిమిదింటికి చేను పక్కన ఎండిపోయిన వంకలో ఇద్దరూ నక్కారు. గిరి గొర్రెల కాపరి వేషంలో ఉన్నాడు. మబ్బు పట్టిన ఉక్కపోతలో నల్ల గొంగడి, దానికి పైన నల్ల కళ్లద్దాలు. గొర్రెలు లేవు. ఆ మాట బాలప్ప అడిగితే, "మేతకు పోయినాయని చెప్తా," అన్నాడు.

ఆటో వచ్చింది. మహేశ్వరి దిగింది, ఇమ్మానుయేల్ దిగాడు, వెనక మల్లికార్జునయ్య దిగాడు. గిరి చొక్కా పట్టి లాగుతున్నా ఆగక, బాలప్ప వంక ఎక్కి ముందుకు పోయాడు.

"నిన్ను నమ్మినా కదా మేడం. వీళ్లతో కలిసి ఈడికి ఎందుకు వచ్చినావు?"

"నిన్నట్నుంచి పదకొండు సార్లు ఫోన్ చేసినా అన్నా. ఎత్తకుండా ప్రతిసారీ కట్ చేస్తివి," అంది మహేశ్వరి. "కేసు నాలుగేండ్లు పడతాది. నీ విత్తనం నాలుగు దినాలు కూడా ఆగదు. అందరం కలిసి చేను చూస్తే ఈడనే తెగుతాదేమో అని సార్‌ను ఒప్పించినా. నువ్వు సరే అంటేనే మాట్లాడతాం, లేకుంటే లేదు."

బాలప్పకు సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గుతో పాటు నిజం కూడా వచ్చేసింది. "తప్పయింది మేడం. నీ కాడ ఒకటి దాచినా. డ్రిప్పు పైపు కోసింది నేనే."

మహేశ్వరి కళ్లు మూసుకుంది. "ఇది నాకు చెప్పాల్సింది అన్నా. వాళ్ల ముందర కాదు."

ఇమ్మానుయేల్ మర్యాదగా మబ్బుల వైపు చూశాడు.

"ఓరి నీ, ఎలుకలు కొరికినాయనుకుంటి కదప్పా," అన్నాడు మల్లికార్జునయ్య. "మూడు బోన్లు కొన్నా."

"సరే, అసలు నీ నంబరు ఇదేనా?" అని మహేశ్వరి మళ్లీ ఫోన్ నొక్కింది.

వంకలోంచి గొంగడి మోగింది. భజన పాట, పెద్ద గొంతుతో. మల్లికార్జునయ్య తోట కుక్క చెవులు నిక్కించి అటు దూకింది. మరుక్షణం గొంగడి పైకొచ్చి పరుగు తీసింది, వెనక కుక్క. ఎటు పోవాలో తెలియక గిరి కంప కుప్ప మీదికి ఎగిరాడు. ముళ్లలోంచి పెద్ద కేక వినిపించింది.

కుక్కను కట్టేసి, అందరూ కలిసి కొమ్మలు లాగితే గిరి మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. "మోకాలు పగిలె బావా. ఏందో రాయి."

మహేశ్వరి వంగి మట్టి తుడిచింది. రాయి నెత్తిన చెక్కిన సర్వే గుర్తు బయటపడింది. చేతిలోని పటాన్ని చూసింది, రాయిని చూసింది. "గిరి గారూ, అట్లే కూర్చోండి. కదలొద్దు," అని ఫోటోలు తీసింది.

ఇమ్మానుయేల్ కూడా పటం చూసి, తన పార్టీని పక్కకు పిలిచి రెండు నిమిషాలు మాట్లాడాడు. మల్లికార్జునయ్య తల గోక్కుంటూ వచ్చాడు. "అమ్మినోడు బాట లేదని చెప్పె. రాయి ఉండాదని తెలిసుంటే నేనెందుకు అడ్డమొస్తా? కంప తీయిస్తా పో. పైపు మాత్రం కొత్తది వెయ్యప్పా."

"ఈ పొద్దే వేస్తా సామీ," అన్నాడు బాలప్ప.

"నోటి మాట చాలదు," అంది మహేశ్వరి. "రాజీ కాగితం రాసి కోర్టులో వేద్దాం. రేప్పొద్దున ఎవరి పిల్లలూ మళ్లీ కొట్లాడకూడదు."

ముళ్లు పీక్కుంటూనే గిరి లేచి నిలబడ్డాడు. చిరిగిన గొంగడి సర్దుకుని, మహేశ్వరికి కార్డు అందించాడు. "రాయి యాడ ఉండాదో నాకు ముందే అనుమానం మేడం. మీ కేసులకు ఇట్లాంటి బుర్ర అవసరమైతే చెప్పండి."

ఆమె కార్డును రెండు వైపులా శ్రద్ధగా చదివింది. తర్వాత ఇమ్మానుయేల్ జేబులో పెట్టింది.

"సార్, ఇకమీద మన ఇద్దరికీ కేసు పడినప్పుడల్లా ఈయన్ను మీరే పెట్టుకోండి."

"వద్దు మేడం, మీరే ఉంచుకోండి," అని ఆయన కార్డు తీసి తిరిగి ఇవ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

గిరి కళ్లద్దాలు సవరించుకుని బాలప్ప చెవి దగ్గరికి వంగాడు.

"చూస్తివా బావా. నా కోసం ఇద్దరు వకీళ్లు కొట్లాడుకుంటాండారు."