ఆరేదాకా ఆగండి

వేసవి సెలవులు కనిపెట్టినవాడికి పిల్లలు ఉండి ఉండరు. ఉంటే ఇంత ఎండలో, ఇంత ఇరుకింట్లో, ఐదేళ్ల కూతుర్నీ మూడేళ్ల కొడుకునీ కన్నతండ్రి నెత్తిన ఇలా రుద్ది ఉండడు. ఆ ఉదయం ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరుతూ నర్సమ్మ మొగుడికి అప్పజెప్పింది సరిగ్గా ఆ ఇద్దర్నే.

"గోడల మీద గీత పడకూడదు. పైనున్నాయన మొన్న ఏమన్నాడో గుర్తుందిగా?"

"ఎందుకుండదు? ఇంకొక్క గీత పడితే సామాను రోడ్డు మీద ఉంటుందన్నాడు."

పైనున్నాయన ఇంటి యజమాని, పేరున్న ప్లీడరు. మామూలు రోజుల్లో ఆయన కోపం కోర్టులోనే ఖర్చైపోయేది. ఇప్పుడు కోర్టుకూ సెలవులే. పోట్లాడటానికి మనిషి దొరక్క, పొద్దస్తమానం బాల్కనీలో నిలబడి కింది వాటా వైపు గుడ్లురుముతూ ఉండేవాడు. పిల్లల బొమ్మల పుణ్యమా అని వీళ్లు అప్పటికే రెండిళ్లు మారారు. ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఈ మూడోది దొరకడమే గగనమైంది. ఇదీ పోతే ఇక ఇల్లిచ్చే నాథుడు లేడు.

అందుకే నాన్న ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. ఒక బకెట్టు చల్లటి నీళ్లు, చెరో బ్రష్షు. నీళ్లతో ఎక్కడ ఏ బొమ్మ వేసినా ఎండకు ఆరి మాయమైపోతుంది. పిల్లలకు చల్లదనం, గోడకు క్షేమం. పెరటి కుళాయి దగ్గర బకెట్టు నింపి, బ్రష్షుల కోసం లోపలికి వెళ్లి, తిరిగొచ్చి చేతికందిన బకెట్టును వాకిట్లోకి మోసుకుపోయాడు. దాని పక్కనే అదే నీలం రంగులో ఇంకో బకెట్టు ఉంది. నర్సమ్మ తెల్ల యూనిఫారాలకు పెట్టడానికి అత్తగారు అందులో గంజి పలచగా కలిపి ఉంచింది. ఇతగాడు మోసుకుపోయింది ఆ గంజినే. ఏం మోస్తున్నామో ఒక్కసారి వంగి చూస్తే మగవాళ్ల నడుములు విరిగిపోతాయి కాబోలు.

పిల్లలు తెల్ల సున్నం గోడ మీద ఏనుగును వేశారు. దాని పక్కన అమ్మను వేశారు. గంజి కారిన తమ్ముడి జుట్టు నిక్కబొడుచుకుంది, అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు పైకి వినిపించింది. అంతే, ప్లీడరు గారు మెట్లు దడదడలాడిస్తూ దిగారు.

"ఏమయ్యా! చెప్పి వారం కాలేదు, మళ్లీ గోడ మీద ఏంటిది?"

"వట్టి నీళ్లండీ. ఆరిపోతే ఏమీ ఉండదు."

"నీళ్లయితే మాత్రం? నా గోడ నీ అబ్బసొత్తా?"

అక్కడితో ఊరుకుని చేతులు కట్టుకుంటే సరిపోయేది. కానీ ఉపాయం తనది కదా, దాని గొప్ప చెప్పుకోకపోతే ఎలా?

"నమ్మకం లేకపోతే మీ కారు మీదే వేయించి చూపిస్తానండీ. ఆరేదాకా ఆగండి, మచ్చ కనిపిస్తే ఈరోజే ఇల్లు ఖాళీ చేస్తాను."

"వేయించు. నేనూ చూస్తా."

వాకిట్లో నల్ల కారు ఎండకు మాడుతోంది. పిల్లలు ఎగిరి గంతేసి దానికి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చేపలు వేశారు. పెద్దవాళ్లిద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. చేపలు ఆరాయి. ఆరినకొద్దీ మొదట వాటి తోకలు తెల్లబడ్డాయి, తర్వాత పొట్టలు తెల్లబడ్డాయి, ఆఖరికి నాన్న మొహం తెల్లబడింది.

"ఇదా నీళ్లు!" ప్లీడరు గారు కేకేశారు.

"తుడిచేస్తానండీ, ఒక్క గుడ్డ..."

"ముట్టుకున్నావో, చెయ్యి విరుగుద్ది! అది సాక్ష్యం! ఇల్లు ఖాళీ చేస్తానని నీ నోటితోనే అన్నావు. ఇంత తెల్లగా పడుతోందిగా, ఆ నీళ్లతోనే నా గేటు మీద రాస్తాను, ఇల్లు అద్దెకివ్వబడునని! ఊరంతా చదవాలి!"

కళ్లజోడు, ఒక పెద్ద బ్రష్షు తేవడానికి ఆయన పైకి వెళ్లారు. అదే సమయానికి అత్తగారు పెరట్లోంచి ఊడిపడింది. ఒక చేతిలో వేలాడుతున్న యూనిఫారం, ఇంకో చేతిలో నీళ్ల బకెట్టు.

"అల్లుడు గారూ, నా గంజి మీరెత్తుకొచ్చారా? పొద్దుటి నుంచి వట్టి నీళ్లలో బట్టలు ముంచి ఆరేస్తున్నాను, పిచ్చిదాన్లాగా! ఇస్త్రీ పెట్టె కింద పెట్టాక తెలిసింది!"

"అత్తయ్యగారూ, ఇక్కడ కొంపలంటుకుంటున్నాయి..."

"అంటుకోనీండి. ఇవిగో మీ నీళ్లు, పోసి ఆర్పుకోండి!"

నీళ్ల బకెట్టు ఠపీమని అక్కడ పెట్టి, గంజి బకెట్టు తీసుకుని, ఆమె విసవిసా వెళ్లిపోయింది. మెట్ల మీద మళ్లీ చెప్పుల చప్పుడు. నాన్న నోరు తెరవబోయాడు.

"నోర్ముయ్!" అన్నారు ప్లీడరు గారు దిగుతూనే.

మంచి సలహా అనిపించి నాన్న మూసుకున్నాడు.

ప్లీడరు గారు బ్రష్షు బకెట్లో ముంచి, కాలుతున్న నల్ల రేకు గేటు మీద బారెడేసి అక్షరాలు మొదలుపెట్టారు. 'ఇల్లు' అయింది. 'అద్దెకు' అయింది. 'ఇవ్వబడును' అయ్యేసరికి 'ఇల్లు' లేదు. పళ్లు నూరి వెనక్కెళ్లి 'ఇల్లు' రాశారు. ఈలోగా 'ఇవ్వబడును' పోయింది.

"ఎవడ్రా తుడుస్తోంది?"

నాన్న దూరంగా రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"గబగబా రాయాలి ప్లీడరు తాతా," అంది పిల్ల, ఆయన బకెట్లోనే తన బ్రష్షు ముంచుకుంటూ. "నీళ్లు కదా, ఆరిపోతాయి."

"తెల్లగా పడిన నీళ్లు నాకు మాత్రం ఎందుకు పడవు? పడతాయి! పడాలి!"

పంతం వచ్చిన ప్లీడరును ఆపడం న్యాయమూర్తి వల్లే కాదు, ఐదేళ్ల పిల్ల వల్ల ఏమవుతుంది? ఆయన చొక్కా తడిసింది, పంచె తడిసింది. దారినపోయేవాళ్లు ఆగి, ఆ పెద్దమనిషి ఖాళీ గేటును అంత కోపంగా ఎందుకు కడుగుతున్నాడో తెలియక నిలబడిపోయారు. పిల్లలిద్దరూ ఆయన కాళ్ల సందున బ్రష్షులు ముంచుకోవడం, కారు దగ్గరికి పరుగెత్తడం, మళ్లీ రావడం. చేపలున్నాయి కదా, వాటికి నీళ్లు కావాలి కదా. కారు నిండా చెరువు వేశారు, అరచేతులతో అలలు కూడా తిప్పారు.

బకెట్టు ఖాళీ అయింది. గేటు మీద ఒక్క అక్షరం లేదు. ప్లీడరు గారు బ్రష్షు విసిరికొట్టారు.

"ఇది పోతే పోనీ! కారుంది! దాని మీద మీ బండారం తెల్లగా ఉంది, చూడు..."

అందరూ చూశారు. కారు కొన్ననాటికన్నా నల్లగా నిగనిగలాడుతోంది. తమ్ముడు దాని తలుపును మురిపెంగా తుడుస్తున్నాడు. గోడ మీద ఏనుగు కూడా ఎప్పుడో ఆరి ఆ తెల్ల సున్నంలో కలిసిపోయింది.

ప్లీడరు గారు కారును చూశారు, గేటును చూశారు, తడిసిన తన పంచెను చూసుకున్నారు.

"మచ్చ కనిపిస్తే ఖాళీ చేస్తానన్నానండీ," అన్నాడు నాన్న. "ఎక్కడుందో చూపించండి."

అంత పేరున్న ప్లీడరు కనీసం వాయిదా అయినా అడక్కుండా మెట్లెక్కి వెళ్లిపోయారు.