మెట్ల మలుపులో అత్తగారు

ఆ రోజు వడ్రంగి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి స్ట్రెచర్ మెట్లు దిగాలి, పదకొండింటికి సర్కారు నర్సమ్మ వచ్చి ఇల్లు చూడాలి, ఆ తర్వాత అందరూ భోంచేయాలి.

నెలలు నిండిన భార్య ఇంట్లోనే కంటానంటోంది. కొత్త నిబంధన ప్రకారం ఇంటి కాన్పుకు నర్సమ్మను ఉచితంగా పంపుతారు. ఆసుపత్రి అయితే ఖర్చులో సగం మనమే పెట్టుకోవాలి. మెలిక ఒక్కటే, అవసరం పడితే గర్భిణిని పడకగదిలోంచి వీధిలోకి నాలుగు నిమిషాల్లో, పడుకోబెట్టి దింపగలగాలి. వీళ్లుండేదేమో రెండో అంతస్తు. ఇదంతా ఖర్చు తప్పించుకోవడానికి సర్కారు వేసిన ఎత్తని అత్తగారి వాదన. కూతురు ఆసుపత్రిలోనే కనాలని ఆవిడ నెల్లాళ్లుగా పట్టిన పట్టు విడవలేదు.

భార్య దిగులు డబ్బు గురించి కాదు. ఆసుపత్రి కాన్పుగదిలోకి బయటివాళ్లను రానివ్వరు.

"అమ్మ పక్కన లేకుండా నావల్ల కాదు. ఈ మాట అమ్మకు చెప్పకు, నెత్తికెక్కి కూర్చుంటుంది," అని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది.

వడ్రంగికి కొలతల మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. మెట్లు కొలిచి, పలకలు బిగించి స్ట్రెచర్ తయారుచేశాడు. రెండో కొస పట్టడానికి కింది వాటా దర్జీని పిలిచాడు. మరి పడుకోవడానికి మనిషి కావాలి కదా. అత్తగారు కూతురంత బరువే ఉంటారని నోరు జారాడు. ఆ మాట అబద్ధమని రుజువు చేయడానికే ఆవిడ ఎక్కి పడుకుంది. జారిపోకుండా పట్టీలు కూడా బిగించారు.

మలుపు దాకా అంతా సవ్యంగానే సాగింది. అక్కడ స్ట్రెచర్ ఇటు గోడకు, అటు కటకటాలకు తన్ని నిలబడిపోయింది. ముందుకు రాదు, వెనక్కు పోదు. మహానుభావుడు పలకలు కొలిచాడు గానీ పట్టుకునే పిడులను లెక్కలో కలపలేదు.

"అల్లుడూ," అంది అత్తగారు పైకప్పు వైపు చూస్తూ, "నాలుగు నిమిషాలు అయ్యాయా?"

"పన్నెండు అయ్యాయి అత్తయ్యా."

ఎదురింటావిడ కిటికీలోంచి చూసింది. ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని అంబులెన్సుకు ఫోన్ చేసింది. వచ్చినవాళ్లు పిడులు కోయించి అత్తగారిని దింపారు. ఇది ఉత్తుత్తి అభ్యాసమని వడ్రంగి ఎంత మొత్తుకున్నా వినకుండా రక్తపోటు చూశారు. అల్లుడి మీద కోపమంతా ఆ అంకెలోనే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లక తప్పదన్నారు, తోడుగా ఒక్కరే ఎక్కాలన్నారు. నర్సమ్మ కోసం వడ్రంగి ఇంట్లో ఉండాలి గనక భార్యే ఎక్కింది.

నర్సమ్మ ఠంచనుగా వచ్చింది. పడకగది చూసింది, కుళాయి తిప్పి చూసింది. పిడులు పోయిన స్ట్రెచర్‌ మీద నర్సమ్మ సంచీ పెట్టి వడ్రంగీ దర్జీ అంచులు పట్టుకుని దింపారు. మూడున్నర నిమిషాలు పట్టింది. వడ్రంగి ఛాతీ ఉప్పొంగింది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను. భార్యకు నొప్పులు మొదలయ్యాయి, కాన్పుగదికి తీసుకెళ్లారు.

నర్సమ్మ స్కూటరు వెనక కూర్చున్నాడే గానీ వడ్రంగి మనసు మనసులో లేదు. భార్య దేనికి భయపడిందో చేజేతులా అదే తెచ్చిపెట్టాడు. ఆసుపత్రిలో కాపలావాడు తలుపు దగ్గరే ఆపేశాడు. సాయంత్రం దాకా ఆ తలుపు పక్కనున్న బల్ల మీదే కూర్చుని తన్ను తాను తిట్టుకున్నాడు.

తలుపు తెరిచారు. ఆడపిల్ల. భార్య నవ్వుతోంది. ఆమె చెయ్యి పట్టుకుని మంచం పక్కన, రోగుల గౌనులో అత్తగారు.

"మిమ్మల్నెలా రానిచ్చారు అత్తయ్యా?"

"రానివ్వనిది బయటివాళ్లని కదా. నేను లోపలి రోగిని," అంది ఆవిడ. "దీని చెయ్యి ఒక్క క్షణం వదిలితే ఒట్టు. ఇంతకీ నేను లేకపోతే దీనికి భయమని నాకెందుకు చెప్పలేదు?"

వడ్రంగికి కళ్లు చెమర్చాయి. భార్య మాత్రం మంచం మీట నొక్కి తల పైకి లేపుకుంటూ, ఇంత సుఖం ఇంట్లో ఎక్కడుందని, బాలింతలను ఉంచే మూడు రోజులూ ఇక్కడే ఉంటానంది. అత్తగారు ఆరు పరీక్షలకూ, ఉప్పులేని తిండికీ విసిగిపోయి, మళ్లీ కాన్పంటూ ఉంటే ఇంట్లోనే అని తేల్చేసింది.

నర్సమ్మ బల్ల మీద కూర్చుని తన కాగితం పూర్తి చేసింది: "ఇల్లు కాన్పుకు అన్ని విధాలా అనుకూలం. ఇంట్లో మాత్రం ఎవరూ లేరు."